ల్యాబ్ లేకుండా ఎడారి బల్లుల వంశవృక్షం గీయడం ఎలా?

ఎంఎస్సీ జువాలజీ, బయోటెక్నాలజీ చదివేవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటుంది. "మా దగ్గర సీక్వెన్సింగ్ సౌకర్యం లేదు, ఎడారికి వెళ్లే వీలు అసలే లేదు. డీఎన్‌ఏ చూసి జాతుల మధ్య చుట్టరికం తేల్చే ప్రాజెక్టు మేం చేయగలమా?" నిక్షేపంగా చేయగలరు. పరిశోధకులు ఇప్పటికే తీసిన సీక్వెన్సులు, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరుసలు, జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. కష్టమంతా సరైన సీక్వెన్సులు ఏరుకోవడంలో, వచ్చిన వృక్షాన్ని తొందరపడి నమ్మకుండా ఉండడంలో ఉంది. అందుకే ఆ రెండు చోట్లా ఎక్కువసేపు ఆగుతాను.

ఉదాహరణకు ఉత్తర అమెరికా కొమ్ముల బల్లులను తీసుకుందాం. వీటి ప్రజాతి పేరు ఫ్రైనోసోమా. సొనోరా, మొహావీ, చివావా ఎడారుల్లో చీమలు తిని బతికే, తల చుట్టూ ముళ్లున్న చప్పిడి బల్లులివి. వీటిలో కొన్ని జాతులు శత్రువు మీద కంటి నుంచి రక్తం చిమ్ముతాయి. ఇవి నేర్చుకునేవాళ్లకు బాగా పనికొస్తాయి. జాతులు తక్కువ, సీక్వెన్సులు దండిగా దొరుకుతాయి. పైగా వీటి మైటోకాండ్రియా ఒక కథ చెబుతుంది, కేంద్రకంలోని జన్యువులు వేరే కథ చెబుతాయి. ఆ తేడాను మీ చేతులతో మీరే పట్టుకోవచ్చు.

రూపం చూసి చుట్టరికం చెప్పేయొచ్చు కదా అంటారా? ఆస్ట్రేలియా ఎడారిలో థార్నీ డెవిల్ అనే బల్లి ఉంది. ఒళ్లంతా ముళ్లే, తిండి చీమలే, చూడ్డానికి కొమ్ముల బల్లికి తోబుట్టువులా ఉంటుంది. కానీ దాని కుటుంబం అగామిడే. అంటే మన పెరటి తొండకే అది దగ్గరి చుట్టం. ఎడారి బతుకు వేర్వేరు వంశాలను ఒకే మూసలో పోస్తుంది కాబట్టి జన్యువుల సాక్ష్యం కావాలి.

సిద్ధాంతం ఈ నాలుగు ముక్కలు చాలు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది, మొత్తం ఒకే కట్టగా వస్తుంది. అందులో మీరు ఎన్ని జన్యువులు తీసుకున్నా అది ఒక్క సాక్షి కిందే లెక్క. కేంద్రక జన్యువులు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తాయి, వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నవి వేర్వేరు సాక్షులు. జాతుల మధ్య ఎప్పుడో సంకరం జరిగి ఉంటే ఈ సాక్షుల మాటలు కలవకపోవచ్చు.

కావలసినవి

మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఎక్సెల్ లాంటి పట్టిక. సీక్వెన్సులు వరుస పేర్చడానికి మాఫ్ట్ ఆన్‌లైన్ సర్వర్. కంటితో చూసి దిద్దడానికి అలీవ్యూ లేదా మెగా. వృక్షం గీయడానికి ఐక్యూ-ట్రీ వెబ్ సర్వర్. చూడడానికి ఫిగ్‌ట్రీ లేదా ఐటోల్. కమాండ్ లైన్ రాకపోయినా ఫరవాలేదు, ఇక్కడ చెప్పే పనంతా బ్రౌజర్‌లో, మెనూల్లో అయిపోతుంది.

1. ముందు ప్రశ్న రాసుకోండి

"కొమ్ముల బల్లుల పరిణామం" అనేది ప్రశ్న కాదు. "ఎడారి కొమ్ముల బల్లి ప్లాటీరైనాస్‌కు దగ్గరి చుట్టం మెకాలీనా, మోడెస్టమా?" అన్నది ప్రశ్న. మెకాలీ సొనోరా ఎడారి ఇసుక మేటల్లో ఉండే చదునుతోక జాతి. మోడెస్టమ్ ఒళ్లు ముడుచుకుని గులకరాయిలా కనిపించే గుండ్రతోక జాతి. ఏ జాతులు కావాలో, ఏ కొమ్మ దగ్గర కళ్లు పెట్టాలో ఈ ప్రశ్నే చెబుతుంది.

2. జాతులు, అవుట్‌గ్రూప్ ఎంచుకోండి

ప్లాటీరైనాస్, గూడీ, మెకాలీ, మోడెస్టమ్, సొలారే, కొరొనేటమ్ గుంపులో ఒకటి, కార్నూటమ్, ఏసియో, డగ్లాసీ, హెర్నాండెసీ, ఆర్బిక్యులేరీ, డిట్మార్సీ, టారస్, బ్రకొనియరీ. ఇన్నీ ఉంటే మంచిది. మీ ప్రశ్నలో మూడే ఉన్నాయని మూడిటితోనే ఆపకండి, మధ్యలోని చుట్టాలు లేకపోతే కొమ్మలు తప్పు చోట అతుక్కుంటాయి.

వృక్షానికి వేరు చూపేది అవుట్‌గ్రూప్. అంటే గుంపుకు బయటిది, కానీ మరీ దూరం కానిది. ఇక్కడ ఇసుక బల్లులు సరిగ్గా సరిపోతాయి: ఊమా, కాలిసారస్, కోఫోసారస్, హోల్‌బ్రూకియా. కనీసం రెండు పెట్టండి. ఇంటి బల్లినో ఉడుమునో అవుట్‌గ్రూప్‌గా పెట్టేవాళ్లున్నారు. అంత దూరపు జంతువు కొమ్మ చాలా పొడుగ్గా వచ్చి, లోపలున్న మరో పొడుగు కొమ్మను తన వైపు లాగేస్తుంది.

3. జన్యువులు ఎంచుకోండి

మైటోకాండ్రియా నుంచి ఎన్‌డీ4 లేదా సైటోక్రోమ్ బి. కేంద్రకం నుంచి రాగ్-1, బీడీఎన్‌ఎఫ్. ఇవి ప్రొటీన్ జన్యువులు కాబట్టి తప్పులు పట్టడం తేలిక. 12ఎస్, 16ఎస్ జన్యువులు కూడా దొరుకుతాయి కానీ వాటిలో అక్షరాలు ఎక్కడ కలిశాయో తేలని మెలికలుంటాయి. మొదటిసారి చేసేవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు. బీడీఎన్‌ఎఫ్ చాలా నెమ్మదిగా మారే జన్యువు, దానొక్కదానితో దగ్గరి జాతులను విడదీయలేరు. వీలైతే మరో కేంద్రక జన్యువు చేర్చండి.

4. సీక్వెన్సులు దింపండి, పట్టికలో రాయండి

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

జెన్‌బ్యాంక్ ఉండే ఎన్‌సీబీఐ సైట్‌లో న్యూక్లియోటైడ్ విభాగం ఎంచుకుని జాతి పేరు, జన్యువు పేరు కలిపి వెతకండి. దొరికిన ప్రతి రికార్డునూ తెరిచి ఈ వివరాలు పట్టికలో ఎక్కించండి: అక్సెషన్ నంబరు, జాతి పేరు, జన్యువు, పొడవు, దొరికిన ప్రాంతం, వోచర్ నంబరు.

వోచర్ నంబరంటే ఆ డీఎన్‌ఏ తీసిన బల్లి ఏ మ్యూజియంలో, ఏ సంఖ్యతో భద్రంగా ఉందో చెప్పే గుర్తు. రికార్డులో సోర్స్ అనే భాగంలో ఉంటుంది. ఎన్‌డీ4 ఏ జంతువుదో రాగ్-1 కూడా అదే జంతువుదై ఉండేలా చూసుకోండి. ఒక జంతువు మైటోకాండ్రియా, ఇంకో జంతువు కేంద్రకం కలిపితే లోకంలో లేని జీవిని తయారు చేసినట్టే. సంకరం జరిగే జాతుల్లో ఆ తప్పే ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ఒకే జంతువువి దొరక్కపోతే ఒకే ప్రాంతంలో పట్టినవి తీసుకుని, ఆ సంగతి రిపోర్టులో రాయండి.

పాత పేర్లతో జాగ్రత్త. జెన్‌బ్యాంక్ రికార్డుల్లో కొన్ని ఎక్కించిన నాటి పేరుతోనే ఉండిపోతాయి. కాలిఫోర్నియాలో పట్టిన బల్లికి కొరొనేటమ్ అని ఉంటే ఇప్పటి పేరు బ్లెయిన్‌విలీ కావచ్చు. హెర్నాండెసీ ఒకప్పుడు డగ్లాసీలో ఉపజాతి. గూడీ ప్లాటీరైనాస్‌లో కలిసి ఉండేది. డగ్లాసీ స్పెల్లింగ్‌లో పాతవాళ్లు ఎస్ అక్షరం రెండుసార్లు రాశారు, అలా కూడా వెతకండి. రెప్టైల్ డేటాబేస్‌లో నేటి పేరు చూసి, దొరికిన ప్రాంతంతో పోల్చి, పట్టికలో రెండు పేర్లూ పక్కపక్కన రాయండి.

ప్రతి జాతికీ రెండేసి జంతువులు దొరికితే రెండూ తీసుకోండి. రేపు తప్పుడు లేబుల్ పట్టుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

5. పేర్లు చిన్నవి చేయండి

దింపిన సీక్వెన్సులు ఫాస్టా అనే రకం ఫైల్లో వస్తాయి, అందులో ప్రతి సీక్వెన్స్ ముందు పొడుగాటి వర్ణన ఉంటుంది. దాన్ని తీసేసి జాతి పేరు, వోచర్ నంబరు మాత్రమే ఉంచండి, మధ్యలో ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టండి. బ్రాకెట్లు, కామాలు, కోలన్లు వద్దు, అవి వృక్షం ఫైలును పాడుచేస్తాయి. ఒకే జంతువు పేరు అన్ని జన్యువుల ఫైళ్లలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒక్కో జన్యువుకూ ఒక్కో ఫైలు.

6. వరుస పేర్చండి

ఒక్కో ఫైలునూ మాఫ్ట్ సర్వర్‌లో వేయండి. మొదటి సీక్వెన్స్‌ను బట్టి దిశ సరిచేయమనే ఎంపిక ఉంటుంది, దాన్ని టిక్ చేయండి. కొందరు సీక్వెన్స్‌ను ఎదురు పోగు నుంచి చదివి ఎక్కించి ఉంటారు.

ఫలితాన్ని అలీవ్యూలో తెరవండి. నాలుగు అక్షరాలకూ నాలుగు రంగులు. అంతా బాగుంటే పైనుంచి కిందికి రంగుల పట్టీలు నిలువుగా కనిపిస్తాయి, మధ్య మధ్యలో ఒక్కో గడి రంగు మారి ఉంటుంది. ఏదైనా ఒక వరుస మాత్రం మొదటి నుంచి చివరిదాకా దేనితోనూ కలవకుండా, అడుగడుగునా గీతలతో ఉందా? అది దిశ తిరగబడినదైనా కావాలి, వేరే జన్యువైనా కావాలి. సీక్వెన్స్‌ను జెన్‌బ్యాంక్ మొత్తంతో పోల్చి చూపే బ్లాస్ట్‌లో వేసి అదేమిటో తేల్చుకోండి. ఒక వరుస చివర్లో మాత్రమే వరుసగా ఏడెనిమిది అక్షరాలు తేడాగా ఉంటే, సీక్వెన్సింగ్ చివర మసకబారిన భాగాన్ని ఎవరో కత్తిరించకుండా వదిలారన్నమాట. ఆ ముక్క కోసేయండి.

ఎన్‌డీ4 దింపినప్పుడు దాని తోక వెంట టీఆర్‌ఎన్‌ఏ జన్యువులు కూడా వస్తుంటాయి. రికార్డులో ఎన్‌డీ4 ఎక్కడ ముగుస్తుందో చూసి అక్కడికి తెంపండి.

రాగ్-1లో వై, ఆర్ లాంటి అక్షరాలు కనిపిస్తే కంగారు పడకండి. వై అంటే సీ లేదా టీ, ఆర్ అంటే ఏ లేదా జీ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఇంకొకటి వచ్చాయన్నమాట, అలాగే వదిలేయండి. మైటోకాండ్రియా జన్యువులో అవే అక్షరాలు గుంపుగా కనిపిస్తే మాత్రం అనుమానించాలి.

7. ప్రొటీన్‌గా మార్చి పరీక్షించండి

ఈ అడుగు దాటేసేవాళ్లే ఎక్కువ. మెగాలో ఫైలు తెరిచి ప్రొటీన్‌గా అనువదించండి. ఎన్‌డీ4కు వెన్నెముక జీవుల మైటోకాండ్రియా సంకేత పట్టిక, రాగ్-1కు ప్రామాణిక పట్టిక ఎంచుకోవాలి. పట్టిక తప్పితే మంచి సీక్వెన్స్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. ఉదాహరణకు ప్రామాణిక పట్టికలో టీజీఏ అంటే ఆగు, మైటోకాండ్రియాలో అదే ట్రిప్టోఫాన్. ఏజీఏ, ఏజీజీ మాత్రం మైటోకాండ్రియాలో ఆగు గుర్తులు.

పట్టిక సరైనదే, చదవడం మొదలెట్టిన అక్షరమూ సరైనదే, అయినా మధ్యలో ఆగు గుర్తులు పడుతున్నాయంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఎక్కడో ఒక అక్షరం ఎక్కువో తక్కువో పడింది. రెండు, అది అసలు మైటోకాండ్రియా జన్యువు కాదు, ఎప్పుడో కేంద్రకంలోకి వలసపోయి పనిచేయడం మానేసిన నకలు. రెండోదైతే మొహమాటం లేకుండా తీసేయండి.

8. రెండు వృక్షాలు విడివిడిగా గీయండి

అన్నీ ఒకే ఫైల్లో కలిపి ఒకేసారి నడపాలని అనిపిస్తుంది. ఇప్పుడే వద్దు. మైటోకాండ్రియా జన్యువుకు ఒక వృక్షం, ఒక్కో కేంద్రక జన్యువుకు ఒక్కో వృక్షం, తర్వాత కేంద్రక జన్యువులన్నీ కలిపి ఇంకొకటి.

ఐక్యూ-ట్రీ వెబ్ సర్వర్‌లో ఫైలు ఎక్కించండి. మోడల్ దగ్గర ఆటో ఉంచండి, సీక్వెన్సులు మారే తీరుకు తగిన నమూనాను అదే వెతుక్కుంటుంది. అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ 1000, ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ 1000 పెట్టి పంపండి. ఒక్కో కొమ్మకు డేటాలో ఎంత మద్దతుందో కొలిచే పరీక్షలివి. ఇంత చిన్న డేటాకు ఎక్కువసేపు పట్టదు.

మైటోకాండ్రియా జన్యువుల్లో కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల ముక్క) మూడో అక్షరం చాలా వేగంగా మారుతుంది. దూరపు జాతుల్లో మారిందే మళ్లీ మారి పాత ఆనవాలు చెరిగిపోతుంది. మూడు స్థానాలకూ వేర్వేరు నమూనాలు ఇవ్వడానికి పార్టిషన్ ఫైలు ఇవ్వవచ్చు, దాని నమూనా సర్వర్ సహాయం పేజీలో దొరుకుతుంది. అంత వద్దనుకుంటే, మూడో అక్షరాలు తీసేసి ఇంకోసారి నడపండి. లోపలి పాత కొమ్మలు రెండుసార్లూ ఒకేలా వస్తే ధైర్యంగా ఉండొచ్చు.

సీక్వెన్సుల మధ్య దూరాల లెక్కతో వృక్షం గీసే నైబర్-జాయినింగ్ పద్ధతి సరిపోదా అని చాలామంది అడుగుతారు. తప్పుడు లేబుళ్లు పట్టడానికి అది బాగుంటుంది, నిమిషంలో వస్తుంది. తుది ఫలితంగా మాత్రం చూపకండి.

9. వేరు పెట్టి చదవండి

ట్రీఫైల్‌ను ఫిగ్‌ట్రీలో తెరిస్తే కొమ్మల మీది సంఖ్యలకు పేరడుగుతుంది, ఏదో ఒకటి ఇచ్చి నోడ్ లేబుల్స్‌లో అదే ఎంచుకోండి. ఇసుక బల్లుల కొమ్మను పట్టుకుని రీరూట్ నొక్కండి. అంతకుముందు కనిపించిన వేరుకు అర్థమేమీ లేదు, ప్రోగ్రామ్ ఎక్కడో ఒకచోట పెడుతుంది. రీరూట్ చేశాక వేరు దగ్గరి సంఖ్యలు వేరే కొమ్మలకు జరిగే ప్రమాదం ఉంది. అసలు రిపోర్టులోని వృక్షంతో ఒకసారి పోల్చుకోండి.

ప్రతి కణుపు దగ్గరా గీతకు అటూ ఇటూ రెండు సంఖ్యలుంటాయి. మొదటిది ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ, రెండోది అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్. మొదటిది 80, రెండోది 95 దాటితేనే ఆ గుంపును గట్టిగా నమ్మండి. పాత పుస్తకాల్లో చూసిన 70 అనే గీటు మామూలు బూట్‌స్ట్రాప్‌ది, దీనికి వాడకూడదు.

పేజీ మీద పక్కపక్కన ఉన్నంత మాత్రాన రెండు జాతులు దగ్గరివి కావు. కణుపు దగ్గర కొమ్మలను పైకీ కిందికీ తిప్పినా వృక్షం మారదు. ఒక జాతి నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్తే మొదట ఎవరిని కలుస్తారో వాళ్లే దగ్గరివాళ్లు.

10. రెండింటినీ పక్కపక్కన పెట్టండి

మీరు చేసిన పనికి ఫలం ఇక్కడ దక్కుతుంది. మైటోకాండ్రియా వృక్షంలో ప్లాటీరైనాస్, గూడీ జంట మెకాలీ పక్కన చేరాలి. కేంద్రక జన్యువుల వృక్షంలో అదే జంట మోడెస్టమ్ వైపు వెళ్లాలి. 2006లో ఆడమ్ లీషే, జిమ్మీ మెగ్వైర్ 17 జాతులతో, 5,100కు పైగా మైటోకాండ్రియా అక్షరాలతో, 2,200కు పైగా కేంద్రక అక్షరాలతో తేల్చినది ఇదే. మెకాలీ, గూడీలకు పుట్టిన ఒక సంకర బల్లిని పరీక్షించాక, సంకరం ద్వారా మైటోకాండ్రియా ఒక వంశం నుంచి మరో వంశంలోకి పాకిందని వాళ్లు వివరించారు. మైటోకాండ్రియా వృక్షంలో ఆ కొమ్మకు మద్దతు బలంగానే ఉంది. గట్టి సంఖ్య ఉన్నంత మాత్రాన అది జాతుల చరిత్ర అయిపోదని ఇక్కడ కళ్లారా చూస్తారు.

తేడా కనిపించగానే సంకరమని రాసేయకండి. వరుసగా ఇవి అడగండి. రెండు వృక్షాల్లోనూ ఆ కణుపులకు 95 దాటిందా? ఒకదానిలో 60 ఉంటే అది గొడవ కాదు, ఆ జన్యువుకు చెప్పేంత సమాచారం లేదని అర్థం. మీ రెండు కేంద్రక జన్యువులతో ఇలా రావడానికే అవకాశం ఎక్కువ, అలా వస్తే అలాగే రాయండి. రెండో జంతువును పెట్టినా అదే వస్తోందా? లేబుల్ తప్పు కాదని రూఢి అయిందా? ఇవన్నీ దాటాక కూడా, పూర్వీకుల్లోని జన్యు రకాలు జాతులు విడిపోయేటప్పుడు చిందరవందరగా పంచుకోవడం వల్ల ఇలాగే రావచ్చు. మైటోకాండ్రియాలో రెండు జాతుల మధ్య దూరం అనుకున్నదానికంటే చాలా తక్కువగా ఉంటే సంకరం వైపు మొగ్గు. దీన్ని మెగాలో పీ-డిస్టెన్స్ (తేడాగా ఉన్న అక్షరాల వాటా) లెక్కతో చూడొచ్చు.

11. కలిపి గీయడం

కలపాలనుకుంటే తగువు పెట్టే భాగాన్ని పక్కన పెట్టి కలపండి. ప్లాటీరైనాస్, గూడీలకు మైటోకాండ్రియా అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు నింపి, మిగతా జాతులకు అన్నీ ఉంచండి. 2006 పరిశోధనలో తీసుకున్న దారి ఇదే. తగువును అలాగే ఉంచి కలిపితే, అక్షరాలు ఎక్కువున్న మైటోకాండ్రియాదే పైచేయి అవుతుంది. పదుల కొద్దీ కేంద్రక జన్యువులు దొరికే గుంపులకైతే ఆస్ట్రాల్ లాంటి ప్రోగ్రాముతో జన్యువృక్షాల నుంచి జాతివృక్షం కట్టడం మేలు.

12. ఫలితం సరైనదేనా?

మీ వృక్షంలో కొన్ని గుంపులు ఎటు చూసినా రావాలి. పిల్లల్ని కనే డగ్లాసీ, హెర్నాండెసీ, ఆర్బిక్యులేరీ, డిట్మార్సీ ఒకచోట. పొట్టితోకల టారస్, బ్రకొనియరీ జంటగా. ఒకే జాతివైన రెండు జంతువులూ పక్కపక్కనే. ఇవి చెదిరితే కొత్త విషయం కనిపెట్టానని సంబరపడకుండా 4వ అడుగుకు తిరిగి వెళ్లండి. ఏదైనా ఒక కొమ్మ మిగతా వాటికి మూడు నాలుగు రెట్లు పొడుగుంటే ఆ సీక్వెన్స్‌ను మళ్లీ బ్లాస్ట్ చేయండి.

అంతా సరిపోతే ఒక లక్షణాన్ని వృక్షం మీద పెట్టి చూడండి. మోడెస్టమ్, ప్లాటీరైనాస్, గూడీ మూడూ శత్రువు మీద రక్తం చిమ్మవు. కేంద్రక జన్యువుల వృక్షంలో ఇవి ఒకే గుంపు కాబట్టి, వీటి వరకు ఆ గుణం ఒక్కసారే పోయిందని చెప్పొచ్చు. మైటోకాండ్రియాను నమ్మితే వేర్వేరు చోట్ల విడిగా పోయిందని చెప్పాలి.

కాలం లెక్కలు, అంటే ఫలానా జాతులు ఇన్ని లక్షల ఏళ్ల కిందట విడిపోయాయని చెప్పడం, ఈ డేటాతో చేయకండి. శిలాజాల ఆధారం లేకుండా ఒక్క జన్యువుకు ఏదో ఒక వేగం కట్టి హెచ్చవేస్తే వచ్చేది నమ్మదగ్గ సంఖ్య కాదు.

సొంత నమూనాలతో చేయాలనుకుంటే

ఇవే అడుగులు మన ఎండు నేలల బల్లులకూ పనిచేస్తాయి. గొంతు కింద విసనకర్రలా విప్పే సీతానా బల్లులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బీడు భూముల్లో ఉన్నాయి. వాటి దగ్గరి చుట్టాలను పరిశీలించి 2016లో సారదా అనే కొత్త ప్రజాతిని వేరు చేసినప్పుడు జన్యువుల సాక్ష్యమూ వాడారు. కానీ మీరే బల్లిని పట్టి తోక కొస కోయాలంటే ముందు అటవీ శాఖను అడగాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వచ్చే జాతిని అనుమతి లేకుండా ముట్టుకోవడం నేరం. మీ గైడ్ ద్వారా అర్జీ పెట్టించండి, సంస్థ నైతిక సమితి ఆమోదం కూడా తీసుకోండి. కణజాలం 95 శాతం ఇథనాల్‌లో వేసి, సీసాలో వేసే కాగితం చీటీ మీద పెన్సిల్‌తో నంబరు, తేదీ, జీపీఎస్ రాయండి. పెన్ను సిరా ఇథనాల్‌కు కరిగిపోతుంది.

రిపోర్టులో అక్సెషన్, వోచర్ నంబర్ల పట్టిక, అలైన్‌మెంట్ ఫైళ్లు, ప్రోగ్రాముల వెర్షన్లు, తీసేసిన సీక్వెన్సులు, వాటిని తీసేయడానికి కారణాలు జతచేయండి. రెండు వృక్షాలూ ఒకే పేజీలో ఎదురెదురుగా వేసి, తేడా ఉన్న కొమ్మలకు రంగు వేయండి.